ట్రాకులు కాదు, దారులు లెక్కపెట్టండి

పోయినేడు మా కాలేజీ ఫెస్ట్‌లో మా బ్యాండ్ రెండో పాట మొదలుపెట్టగానే, స్టేజీకి రెండు వైపులా ఉన్న పెద్ద స్పీకర్లలోంచి "టిక్, టిక్, టిక్, టిక్" అని వినిపించింది. ముందు వరుసల్లో ఉన్న ఫస్టియర్ వాళ్లు అదేదో కొత్త బీట్ అనుకుని దానికి చప్పట్లు కూడా కొట్టారు. నిజానికి అది మా డ్రమ్మర్ చెవిలో మాత్రమే వినపడాల్సిన క్లిక్. జనానికి వినపడాల్సిన వయొలిన్ ఏమో డ్రమ్మర్ చెవిలోకి వెళ్లింది. కారణం చాలా చిన్నది. ఒకే కేబుల్‌కి ఒకేలా ఉండే రెండు పిన్నులు. కంగారులో నేనే వాటిని తారుమారుగా పెట్టేశాను.

ఆ వయొలిన్ గురించి చెప్పాలి. మా బ్యాండ్‌లో వయొలిన్ వాయించే అక్క ఆ యేడే ఫైనలియర్ పూర్తి చేసి, ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయింది. వెళ్లే ముందు వారం హాస్టల్ రూం కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ ఆరు పాటల్లో తన భాగాలన్నీ రికార్డు చేసి ఇచ్చింది. "నేను లేకపోయినా పాటలు మానేయకండి రా" అంది. ఫెస్ట్ రోజు రాత్రి ఫోన్ చేసి "ఎలా జరిగింది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ మర్నాటి నుంచి మేం "మంచి మల్టీట్రాక్ ప్లేయర్ కొనాలి" అని వెతకడం మొదలుపెట్టాం. రెండు నెలల తర్వాత అర్థమైంది ఏంటంటే, మేం వెతుకుతున్న ప్రశ్నే తప్పు. ఆ రెండు నెలలు మీకు మిగలాలనే ఈ వ్యాసం.

అసలు ఇదేంటి?

ప్లేబ్యాక్ అనగానే మనకి సినిమా ప్లేబ్యాక్ సింగర్లే గుర్తొస్తారు. ఇది అది కాదు. పెళ్లిళ్లలో ట్రాక్ పెట్టి పాడతారు చూడండి, దానికి ఇది దగ్గరి చుట్టం. అక్కడ సంగీతం అంతా ఒకే ఫైల్, పాడేవాళ్లు మాత్రమే లైవ్. ఇక్కడ బ్యాండ్ అంతా లైవ్, స్టేజీ మీద లేని ఒకటి రెండు వాద్యాలు మాత్రమే రికార్డింగ్ నుంచి వస్తాయి. అవి విడివిడి ట్రాకులుగా ఉంటాయి కానీ అన్నీ ఒకేసారి, ఒకే గడియారం ప్రకారం నడుస్తాయి. అందుకే మల్టీట్రాక్ ప్లేబ్యాక్ అంటారు.

వీటితో పాటు ఇంకో రెండు ట్రాకులు ఉంటాయి. ఒకటి క్లిక్, అంటే తాళం. రికార్డింగ్ మనకోసం ఆగదు కాబట్టి డ్రమ్మర్ ఆ క్లిక్ వింటూ వాయిస్తాడు, మిగతావాళ్లు డ్రమ్మర్‌ని వింటారు. రెండోది క్యూ, అంటే "చరణం, రెండు, మూడు, నాలుగు" అని ముందే చెప్పే గొంతు. మా దాంట్లో ఆ గొంతు మా బేస్ గిటార్ వాడిది, అందుకే ఎప్పుడూ నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఈ రెండూ జనానికి పొరపాటున కూడా వినపడకూడదు.

లెక్క ఎక్కడ తప్పుతాం

షాపుల్లో, ప్రకటనల్లో కనపడే మాట "16 ట్రాక్స్", "24 ట్రాక్స్". ఎక్కువ ఉంటే మంచిది కదా అనుకుంటాం. మా పాట ఒకటి తీసుకుని చూడండి. వయొలిన్ రెండు, కోరస్ గొంతులు మూడు, వెనకాల నిలిచి ఉండే కీబోర్డు స్వరం ఒకటి, తబలా ఒకటి, క్లిక్, క్యూ. మొత్తం తొమ్మిది ట్రాకులు. కానీ ఈ తొమ్మిదీ వెళ్లాల్సిన చోట్లు ఎన్ని? డ్రమ్మర్ చెవి ఒకటి, జనం స్పీకర్లు ఒకటి. రెండే రెండు.

ట్రాకులు మెషీన్ లోపల ఎన్నైనా కలుపుకోవచ్చు, అది సాఫ్ట్‌వేర్ పని, ఉచితం. బయటికి వచ్చే దారులు, అంటే అవుట్‌పుట్లు, వాటికే డబ్బు. ఆడాసిటీలో ఎన్ని ట్రాకులు వేసుకున్నా ప్లే చేసేటప్పుడు అన్నీ కలిసి కుడి, ఎడమ రెండుగానే బయటికొస్తాయి. కాబట్టి కొనే ముందు కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోండి.

ఒకటి, క్లిక్ ఎంతమందికి కావాలి? నలుగురికి కావాలన్నా అందరికీ ఒకటే మిక్స్ సరిపోతే అది ఒక్క దారే. దాన్ని నాలుగు ఇయర్‌ఫోన్లకి పంచడానికి చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ చాలు.

రెండు, సౌండ్ చూసుకునే అన్న ఏ వాద్యాన్ని విడిగా పెంచాలి, తగ్గించాలి? అలాంటివి ఎన్ని ఉంటే అన్ని దారులు.

మూడు, ట్రాక్ స్టీరియోలో వెళ్లాలా? కాలేజీ ఆడిటోరియంలో, ఓపెన్ గ్రౌండ్‌లో చాలాసార్లు రెండు వైపుల స్పీకర్లలో ఒకటే శబ్దం వస్తుంది. అలాంటప్పుడు స్టీరియో కోసం ఇంకో దారి ఖర్చు పెట్టడం దండగ.

రెండు దారులు: చేతిలో ఉన్న ఫోనే

రెండు దారులు చాలనుకుంటే ఫోన్ లేదా పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఒక స్టీరియో ఫైల్ తయారుచేసి, ఎడమ వైపు పూర్తిగా క్లిక్, క్యూ. కుడి వైపు పూర్తిగా జనానికి వినపడాల్సినవి పెట్టాలి. ఫోన్ నుంచి వై కేబుల్, అంటే ఒక వైపు ఇయర్‌ఫోన్ పిన్ను, ఇంకో వైపు విడివిడిగా రెండు పెద్ద మోనో పిన్నులు ఉండే కేబుల్. ఇలాంటివి కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

ఇక్కడ నాలుగు గుంటలున్నాయి. మేం అన్నిట్లోనూ పడ్డాం.

మొదటిది, తప్పు కేబుల్. స్టీరియో పిన్నుని నేరుగా మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెడితే, అది ఎడమలోంచి కుడిని తీసేస్తుంది. ఆ ఇన్‌పుట్ చేసే పనే అది, రెండు తీగల మధ్య తేడా మాత్రమే తీసుకుంటుంది. మామూలు పాట ఒకటి అలా పెడితే రెండు వైపులా సమానంగా ఉన్న గొంతు మాయమై, అంచుల్లో ఉన్న వాద్యాలు మాత్రం వినపడతాయి. "ఫోన్ పాడైంది" అనుకుంటాం, ఫోన్ బాగానే ఉంటుంది.

రెండోది, ఫోన్ సెట్టింగ్స్. యాక్సెసిబిలిటీలో "మోనో ఆడియో" ఆన్ అయి ఉంటే క్లిక్ రెండు వైపులా కలిసిపోతుంది. సౌండ్‌ని అందంగా చేసే ఎఫెక్టులు కూడా ఒక వైపుది ఇంకో వైపుకి కలపొచ్చు. అన్నీ ఆఫ్ చేసి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. పాట మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే రింగ్‌టోన్ గ్రౌండ్ మొత్తానికి వినపడుతుంది మరి.

మూడోది, ఎంపీ3. ఆ ఫార్మాట్‌లోకి మార్చేటప్పుడు ఫైల్ మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది. ఒక్కో ట్రాకుని ఒక్కోచోట మార్చి తర్వాత కలిపితే అవి కొంచెం కొంచెం జరిగిపోతాయి. వేవ్ ఫైలే వాడండి. నాలుగు నిమిషాల స్టీరియో పాట సీడీ నాణ్యతలో సుమారు 42 మెగాబైట్లు, ఈ రోజుల్లో అదొక లెక్కా!

నాలుగోది, బ్లూటూత్. వద్దు, అంతే. అందులో శబ్దం ఎంత ఆలస్యంగా వస్తుందో పాటగా విన్నప్పుడు తెలీదు, తాళంగా వాడినప్పుడు తెలుస్తుంది.

నాలుగు దారులు: ఆడియో ఇంటర్‌ఫేస్

మా వయొలిన్ గోల ఫోన్‌తో తీరలేదు. ఒక్కో హాల్లో వయొలిన్ ఒక్కోలా వినపడుతుంది, ఒక్కోచోట అసలు వినపడదు. సౌండన్నని "వయొలిన్ పెంచండన్నా" అంటే తబలా, కోరస్ కూడా కలిసి పెరిగేవి, ఎందుకంటే అన్నీ ఒకే దారిలో వస్తున్నాయి. అంటే మాకు మూడు దారులు కావాలి: క్లిక్, వయొలిన్, మిగతావన్నీ. మూడు ఉన్నవి అరుదు కాబట్టి నాలుగు.

ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి పెట్టే సౌండ్ కార్డు. బెహ్రింగర్ యూఎంసీ404హెచ్‌డీ, మోటూ ఎం4, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 4ఐ4, వీటన్నిటికీ వెనకాల నాలుగు లైన్ అవుట్‌పుట్లు ఉంటాయి. జాగ్రత్తగా చూడాల్సింది హెడ్‌ఫోన్ జాక్. స్కార్లెట్ 2ఐ2 లాంటి రెండు అవుట్‌పుట్ల వాటిలో హెడ్‌ఫోన్ జాక్ మూడో దారి కాదు, మొదటి రెండిట్లో వచ్చేదే అందులోనూ వస్తుంది. బొమ్మలో మూడు రంధ్రాలు కనపడ్డాయి కదా అని కొనేస్తే మోసపోతాం. ఇంకో మాట, సెకండ్‌హ్యాండ్‌లో పాత ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేసులు చౌకగా, బోలెడన్ని అవుట్‌పుట్లతో కనపడతాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టే ఉండదు.

"ఐ5 ల్యాప్‌టాప్ చాలా, ర్యామ్ ఎంత ఉండాలి?" అని మా బ్యాచ్‌మేట్స్ అడుగుతుంటారు. లెక్క వేద్దాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో ట్రాక్ అంటే సెకనుకి 48,000 శాంపిళ్లు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 1,44,000 బైట్లు. తొమ్మిది ట్రాకులకి సెకనుకి 1.3 మెగాబైట్లు కూడా రాదు. ఏ పాత ల్యాప్‌టాప్ అయినా ఇది మోస్తుంది. ఆటంకం వచ్చేది వేగం తక్కువై కాదు, మధ్యలో విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ లాంటివి నిద్రలేచినప్పుడు. అందుకే ఇక్కడ ఒక చిట్కా. రికార్డింగ్ చేసేవాళ్లంతా "బఫర్ తగ్గించు, లేటెన్సీ తగ్గుతుంది" అంటారు. అది మైకులోంచి లోపలికి వెళ్లిన శబ్దం వెంటనే తిరిగి వినపడాలన్నప్పుడు. మనం ప్లే మాత్రమే చేస్తున్నాం, క్లిక్‌తో సహా అన్నీ సమానంగా ఆలస్యమవుతాయి కాబట్టి తేడా ఎవరికీ తెలీదు. బఫర్ 1024 పెట్టేయండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 21 మిల్లీసెకన్లు. బటన్ నొక్కాక ఆ మాత్రం ఆగితే కొంపేం మునగదు, పాట మధ్యలో చిటపటలు మాత్రం రావు.

సాఫ్ట్‌వేర్‌కి మేం రీపర్ వాడుతున్నాం. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత మనలాంటి వాళ్లకి తగ్గింపు లైసెన్స్ 60 డాలర్లు. ఏ ట్రాక్ ఏ అవుట్‌పుట్‌కి వెళ్లాలో ఒక్కోదానికి చెప్పుకోవచ్చు. పాట అవగానే దానంతటదే ఆగేలా మాత్రం తప్పకుండా పెట్టుకోండి. లేదంటే మీ సింగర్ మైకు పట్టుకుని మాట్లాడుతుండగానే తర్వాతి పాట క్లిక్ మొదలైపోతుంది.

పైసా ఖర్చు లేని దారి

ఇది ముందే తెలిసుంటే మేం కొన్నాళ్లు ఏమీ కొనకపోయేవాళ్లం. సౌండ్ అద్దెకిచ్చేవాళ్ల దగ్గర ఇప్పుడు డిజిటల్ మిక్సర్లు బాగా కనపడుతున్నాయి. బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18 అయితే అదే 18 చానెళ్ల యూఎస్‌బీ సౌండ్ కార్డు కూడా. ఎక్స్32కి తగిన కార్డు ఉంటే 32 చానెళ్లు. అంటే ఒక్క యూఎస్‌బీ కేబుల్ పెడితే మీ తొమ్మిది ట్రాకులు తొమ్మిది దారుల్లో మిక్సర్‌లోకి వెళ్లిపోతాయి, డబ్బా కొనే పనే లేదు.

కానీ షోకి ముందురోజే ఆ అన్నకి ఫోన్ చేసి "అన్నా, మిక్సర్ ఏది? యూఎస్‌బీలో ట్రాకులు పంపొచ్చా?" అని మర్యాదగా అడగాలి. ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ ముందే వేసుకోవాలి. ప్రతిచోటా ఆ మిక్సరే ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి దీన్ని అదృష్టంగా చూడాలి తప్ప, దీని మీదే ఆధారపడకూడదు.

ల్యాప్‌టాపే వద్దనుకునేవాళ్లకి జూమ్ ఎల్-12 లాంటివి ఉన్నాయి. మెమరీ కార్డు నుంచి 12 ట్రాకులు ప్లే చేస్తుంది, ఐదుగురికి ఐదు విడి హెడ్‌ఫోన్ మిక్సులు ఇస్తుంది, అదే మిక్సర్, అదే రికార్డర్. చాలా బాగుంటుంది, మన జేబుకి మాత్రం అందదు. షోలతో డబ్బులొచ్చే బ్యాండ్లకి సరే.

ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. సీఎస్ఈ వాణ్ని కదా, మొదట్లో "కొనడం దేనికి, రాస్ప్‌బెర్రీ పై మీద ప్లేయర్ నేనే రాస్తా" అని ఎగిరాను. రెండు వారాలు రాశాను, నడిచింది కూడా. అప్పుడు మా డ్రమ్మర్ ఒక్క మాట అడిగాడు: "స్టేజీ మీద ఇది ఆగిపోతే నువ్వు కీబోర్డు తెచ్చుకుని డీబగ్ చేస్తావా?" దాన్ని సర్ది పెట్టెలో పెట్టేశాను.

మేం పెట్టిన 15,000

ఐదుగురం, తలా మూడు వేలు. ఒకడు దాని కోసం రెండు నెలలు క్యాంటీన్ మానేశాడు, కాబట్టి ఒక్క రూపాయి కూడా తమాషాకి పెట్టే వీల్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో నాలుగు అవుట్‌పుట్ల ఇంటర్‌ఫేస్ 8,000. పాసివ్ డీఐ బాక్సులు రెండు 3,200. నలుగురికి పంచే హెడ్‌ఫోన్ ఆంప్ 2,300. కేబుళ్లు, రంగు టేపులు 1,500. మీరు కొనేనాటికి ధరలు మారతాయి, కానీ పాళ్లు చూడండి. సగానికి దగ్గరగా డబ్బు డబ్బా మీద కాకుండా దాని చుట్టూ ఉన్న వాటి మీద పెట్టాం.

డీఐ బాక్స్ ఎందుకంటే, ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో "గుయ్‌ఁ" అని రొద వస్తుంది కదా, అది చాలాసార్లు ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ ఎర్తింగ్ రెండు దారుల్లో కలవడం వల్ల. డీఐలోని ట్రాన్స్‌ఫార్మర్ ఆ రెండిటినీ విడదీస్తుంది, పక్కనే గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్ కూడా ఉంటుంది. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్లు బ్యాలెన్స్‌డ్ అయితే డీఐ లేకుండా కూడా నేరుగా మిక్సర్‌కి వెళ్లొచ్చు. మాకు మాత్రం ప్రతిసారీ కొత్త చోటు, కొత్త కరెంటు, అందుకే ఉంచుకున్నాం.

హెడ్‌ఫోన్ ఆంప్‌కి మోనో కేబుల్ పెట్టడం వల్ల క్లిక్ ఒక చెవిలోనే వస్తుంది. మా డ్రమ్మర్‌కి అదే నచ్చింది, రెండో చెవితో మమ్మల్ని వింటాడు. ఇక రంగు టేపు నలభై రూపాయలు. క్లిక్ కేబుల్‌కి రెండు కొసల్లోనూ ఎరుపు, వయొలిన్‌కి పసుపు, మిగతావాటికి ఆకుపచ్చ. పోయినేడు ఆ నలభై రూపాయలు పెట్టుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఆగిపోతే?

ఎంత మంచిది కొన్నా ఒకరోజు ఆగుతుంది. పెద్దవాళ్లకీ తప్పలేదు. ఇంగ్లండ్ బ్యాండ్ ది హూ 1973లో "క్వాడ్రఫీనియా" టూర్‌కి టేపులు పెట్టుకుని వాయించేవారు. న్యూకాజిల్‌లో టేపు బ్యాండ్‌తో కలవక, గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ కోపం పట్టలేక స్టేజీ మీదే సామాను మీద పడ్డారు. షో కాసేపు ఆగిపోయింది.

మా దగ్గర బ్యాకప్‌గా ఫోన్‌లో అవే ఆరు పాటలు, ఎడమ క్లిక్, కుడి ట్రాక్ పద్ధతిలో, వై కేబుల్‌తో సహా రెడీగా ఉంటాయి. అయితే రెండు పరికరాల్ని కలిపి నడపాలని చూడకండి. ఒక్కోదాని గడియారం ఒక్కోలా నడుస్తుంది. లక్షలో ఐదు వంతుల తేడా ఉన్నా ఐదు నిమిషాల పాటకి 15 మిల్లీసెకన్లు, గంట షోకి 180 మిల్లీసెకన్లు జరిగిపోతాయి. ఒకటి ఆగాకే రెండోది.

అసలైన బ్యాకప్ మాత్రం పరికరం కాదు. నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు కేయాస్ మంకీ అని ఒక ప్రోగ్రాం రాసుకున్నారు, అది నడుస్తున్న సర్వర్లనే కావాలని అప్పుడప్పుడూ ఆపేస్తుంది. అది చూసి మేం ప్రతి ప్రాక్టీసులో ఒకసారి, ఎవరికీ చెప్పకుండా, ఎవరో ఒకరం ట్రాక్ ఆపేస్తాం. బ్యాండ్ ఆగకూడదు. మొదటి మూడుసార్లు ఘోరంగా ఆగిపోయాం. ఇప్పుడు డ్రమ్మర్ తల ఊపుతాడు, గిటార్ వాడు వయొలిన్ వరసని అందుకుంటాడు, పాట సాగిపోతుంది.

"ట్రాక్ పెట్టుకుంటే మోసం కదా?" అని అడిగేవాళ్లకి కూడా మా జవాబు ఇదే. స్టేజీ మీద వాయిస్తున్నట్టు కనిపించేది నిజంగా వాయిస్తాం. ట్రాక్ ఆగితే పాట చిన్నబోవచ్చు కానీ ఆగిపోకూడదు. ఆగిపోతే మాత్రం అది మన పాట కాదని అర్థం.

ఈ యేడు ఫెస్ట్‌లో క్లిక్ ఉండాల్సిన చెవిలోనే ఉంది. మూడో పాటలో వయొలిన్ మొదలయ్యేటప్పుడు సౌండన్న పసుపు టేపు చానెల్ ఒక్కటే కొంచెం పైకి జరిపారు. గ్రౌండ్ చివర నిలబడ్డవాళ్లకి కూడా వినపడిందట. వీడియో అక్కకి పంపాను. అరగంట దాకా రిప్లై లేదు. తర్వాత మెసేజ్ వచ్చింది: "నాలుగో పాటలో నాది శ్రుతి కొంచెం తగ్గింది రా. ఆదివారం మళ్లీ వాయించి పంపిస్తా, ఆ ఒక్క ట్రాక్ మార్చేయ్."

ఒక్క ట్రాక్ మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. మిగతా ఎనిమిదీ అలాగే ఉన్నాయి.